మా క్లబ్ వారపు మీటింగ్‌లో క్రిప్టో ప్రసంగం, ఆ చివరి స్లైడ్

కపిలతీర్థం_గాలి (తిరుపతి)
శుక్రవారం, ఉదయం 6:20

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక సేవా క్లబ్‌కి ఈ ఏడాది నేను కార్యదర్శిని. క్లబ్ పేరు రాయను. జరిగిన పొరపాటు నాది, ఏళ్ళ తరబడి కంటి శిబిరాలూ రక్తదానాలూ చేయిస్తూ వచ్చిన పెద్దలది కాదు.

నిన్న గురువారం మామూలు వారపు మీటింగ్. ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక హోటల్ మేడ మీద హాలు. అధ్యక్షులు గంట కొట్టారు, ప్రార్థన అయింది, పుట్టినరోజుల వాళ్ళకి పూలగుత్తులు ఇచ్చాం, రేణిగుంట దగ్గర బడిలో పెట్టించిన మంచినీళ్ళ ఫిల్టర్ లెక్క నేను చదివాను. ఆ తర్వాత ముఖ్య ప్రసంగం, క్రిప్టో కరెన్సీ మీద. వక్తని పిలిచింది నేనే, ఒక మిత్రుడి ద్వారా. ‘పిల్లలు ఫోన్లలో ఏదో చూపిస్తున్నారు, మాకు అర్థం కావడం లేదు, తెలిసినవాళ్ళెవరైనా వచ్చి చెబితే బాగుంటుంది’ అని సభ్యులు నెల రోజులుగా అడుగుతున్నారు. మామూలుగా ఇరవై మంది దాటని మీటింగ్‌కి నిన్న నలభై మంది వచ్చారు.

ముప్పావుగంట బాగా చెప్పారు, అది ఒప్పుకోవాలి. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో బిట్‌కాయిన్ ఆలోచన చెప్పే తొమ్మిది పేజీల పత్రం బయటికి రావడం, 2009 జనవరి 3న దాని మొదటి బ్లాక్, అంటే లెక్కల పుస్తకంలో మొదటి పేజీ, పుట్టడం, ఆ పేరు వెనక మనిషెవరో ఈ రోజుకీ తేలకపోవడం, మొత్తం బిట్‌కాయిన్లు 2 కోట్ల 10 లక్షలకు మించి ఎప్పటికీ రాకుండా కట్టడి చేయడం, ఇవన్నీ చెప్పారు. 2010 మే 22న అమెరికాలో ఒకాయన రెండు పిజ్జాలకి 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడని చెప్పగానే హాలంతా ‘అయ్యో’ అంది. ఆ అయ్యో దగ్గరే చాలామంది మనసు అటు తిరిగిందని ఇప్పుడు అనిపిస్తోంది.

ప్రశ్నలూ మంచివే వచ్చాయి. మెడికల్ షాపు నడిపే మా సభ్యుడు ‘రూపాయికి రిజర్వ్ బ్యాంకు పూచీ ఉంది, దీనికి ఎవరు పూచీ?’ అని అడిగారు. ‘ఎవరూ లేరు, లెక్కే పూచీ’ అన్నారు వక్త. సూటిగా చెప్పారని సంతోషించాను.

తర్వాత చివరి స్లైడ్. తెర నిండా ఒక క్యూఆర్ కోడ్. ‘ఇది స్కాన్ చేసి ఖాతా తెరవండి, మీకో వంద, నాకో వంద బోనస్ పడుతుంది, డౌట్ ఉంటే ఇక్కడే చూపిస్తాను’ అన్నారు. ముందు వరసల్లో ఏడెనిమిది ఫోన్లు పైకి లేచాయి. మా కోశాధికారి తల తిప్పి నా వైపు చూశారు. నేను లేచి ఆపాలి. అతిథి కదా, ఇంకా శాలువా కప్పలేదు కదా అని కూర్చుండిపోయాను. ఆ తర్వాత వందన సమర్పణ కూడా నేనే చేశాను.

అక్కడితో అయిపోలేదు. భోజనాలకి వెళ్తుంటే మెట్ల దగ్గర ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నారు. రిటైర్డ్ హెడ్‌మాస్టరు. మా వీధి పిల్లలందరికీ అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు నేర్పిన మనిషి. జేబులోంచి ఫోన్ తీసి, కళ్ళజోడు సర్దుకుని, ఒక యాప్ తెరిచారు. పచ్చరంగు అంకెల్లో 4,18,000 అని ఉంది. ఒక వాట్సాప్ గ్రూపులో వచ్చిన లింకు నొక్కితే దిగిన యాప్. మూడు విడతలుగా 1,40,000 కట్టారట. ఇప్పుడు డబ్బు తీసుకుందామంటే ‘ముందు 18 శాతం ట్యాక్స్ కట్టండి, వెంటనే రిలీజ్ అవుతుంది’ అని మెసేజ్. 75,240 రూపాయలు. గడువు ఈ రోజు సాయంత్రం.

‘ఈ సారు మీ క్లబ్‌కే వచ్చి చెప్పాడంటే ఇదంతా నిజమే కదా నాయనా, కట్టేయమంటావా?’ అని అడిగారు.

నాకు రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే మళ్ళీ మాట్లాడదాం, అప్పటిదాకా ఒక్క రూపాయి పంపకండి అని చెప్పి వచ్చాను. ఇప్పుడు ఏం చేయాలి? ఇంకో మాట. వచ్చే నెల చంద్రగిరిలో పొదుపు సంఘాల ఆడవాళ్ళకి ఇదే ప్రసంగం పెట్టిస్తామని మాట ఇచ్చి ఉన్నాం. అది ఉంచాలా, మానాలా?


రాత్రిడ్యూటీ (తిరుపతి)
శుక్రవారం, ఉదయం 6:41

అన్నా, మిగతా చర్చ తర్వాత. ముందు ఆ హెడ్‌మాస్టరు గారి ఇంటికి వెళ్ళండి. ఆయన పక్కన కూర్చుని ఆయన ఫోన్ నుంచే 1930కి చేయించండి. అది సైబర్ మోసాలకి దేశమంతా ఒకటే నంబరు. డబ్బు పోయిన తర్వాత ఎంత తొందరగా చెబితే అవతలి ఖాతాలో మిగిలింది అంత ఎక్కువ ఆపగలుగుతారు.

యాప్ తీసేయవద్దు. వాట్సాప్ గ్రూపు నుంచి బయటికి రావద్దు. ముందు ప్రతి తెరకీ స్క్రీన్‌షాట్ తీయండి. ఆయన కట్టిన మూడు విడతలకీ బ్యాంకు మెసేజ్‌లో పన్నెండు అంకెల లావాదేవీ నంబరు ఉంటుంది, అవి ఒక కాగితం మీద రాసుకోండి. అవతలి వాళ్ళకి ‘పోలీసులకి చెప్పాం’ అని మాత్రం రాయకండి.

ట్యాక్స్ విషయం. మన దేశంలో ఆదాయపు పన్ను ప్రభుత్వానికి కడతాం, యాప్‌కి కాదు. ‘నీ డబ్బు నీకివ్వాలంటే ముందు ఇంకొంత డబ్బు పంపు’ అన్నారంటే లోపల డబ్బు లేదనే అర్థం. ఆ 4,18,000 వాళ్ళు తెర మీద టైప్ చేసిన అంకె.


పాతకార్యకర్త (చిత్తూరు)
శుక్రవారం, ఉదయం 8:05

నిష్ఠూరంగానే రాస్తాను, తమ్ముడూ, మనసులో పెట్టుకోవద్దు.

మీది ఏ క్లబ్బో నేను అడగను. నేను రోటరీలో చాలా ఏళ్ళు తిరిగినవాణ్ణి. అక్కడ నాలుగు ప్రశ్నల పరీక్ష ఒకటి ఉంది. 1932లో హెర్బర్ట్ టేలర్ అనే ఆయన, దివాలా అంచున ఉన్న తన గిన్నెల కంపెనీని నిలబెట్టుకోవడానికి రాసుకున్నవి. ఇది సత్యమా? సంబంధించిన అందరికీ న్యాయమా? స్నేహాన్నీ సద్భావాన్నీ పెంచుతుందా? అందరికీ మేలు చేస్తుందా? చాలా మీటింగుల్లో ఇవి పైకి చదువుతారు. మీ వక్త చెప్పిన ముప్పావుగంట మొదటి ప్రశ్న దాటుతుంది. చివరి స్లైడ్ రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ చెప్పేవాడికి వంద రూపాయల లాభం ఉంది, వినేవాడికి ఆ సంగతి ముందుగా తెలియదు.

ఆ హెడ్‌మాస్టరు గారు అడిగిన మాట మళ్ళీ చదువుకో. ‘మీ క్లబ్‌కే వచ్చాడంటే నిజమే కదా’ అన్నారు. ఆయన నమ్మింది బిట్‌కాయిన్‌ని కాదు, మీ వక్తనీ కాదు, మిమ్మల్ని. మీరు కంటి శిబిరం పెట్టినప్పుడు ఆయన మీ జీపు ఎక్కి వచ్చి కళ్ళు చూపించుకుని ఉంటారు. పోలియో చుక్కల రోజున ఆయన మనవడికి మీవాళ్ళే చుక్కలు వేసి ఉంటారు. అట్లా పోగైన నమ్మకం మీ హాలు గోడల్లో ఉంది. ఆ గోడ మీదే మీరు క్యూఆర్ కోడ్ వేయనిచ్చారు.

మన జిల్లాకి ఇది కొత్త కాదు. ఈము పక్షులు పెంచండి, గుడ్లు మేమే కొంటాం అని వచ్చినవాళ్ళని చూశాం. భూములు చూపించి డిపాజిట్లు కట్టించుకున్నవాళ్ళని చూశాం. ప్రతిసారీ ఇంటికి వచ్చి సంతకం పెట్టించుకున్నది తెలియని మనిషి కాదు, మనకు తెలిసినవాడే.


ఏర్పేడు_హాస్టల్ (తిరుపతి జిల్లా)
శుక్రవారం, ఉదయం 9:30

పెద్దాయనా, మీ మాట మీద గౌరవంతోనే చెబుతున్నా. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఆ వక్తని మోసగాడిలా చూడటం న్యాయం కాదనిపిస్తోంది. రెఫరల్ కోడ్ పంచడం అందరూ చేసేదే. ఆయన చూపించిన ఎక్స్ఛేంజ్, అంటే కాయిన్లు కొని అమ్ముకునే కంపెనీ, రిజిస్టర్ అయినదే కావచ్చు. 2023 మార్చి నుంచి మన దేశంలో ఎక్స్ఛేంజ్‌లని మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చారు, కేంద్ర ఆర్థిక శాఖలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర అవి నమోదు చేసుకోవాలి. హెడ్‌మాస్టరు గారి ఫోన్‌లో ఉన్న యాప్‌కీ దీనికీ సంబంధం లేదు. ఒకటి నిజమైన బజారు, ఇంకోటి బజారు బొమ్మ గీసిన అట్ట.

ఈ తేడా జనానికి అర్థమయ్యేలా చెప్పాలంటే అసలు వస్తువేమిటో కొంచెం చెప్పక తప్పదు. బిట్‌కాయిన్ అంటే ఒక పద్దుల పుస్తకం. ఎవరి చిరునామా నుంచి ఎవరి చిరునామాకి ఎంత వెళ్ళిందో వరసగా రాసి ఉంటుంది. ఆ పుస్తకం నకళ్ళు ప్రపంచంలో వేల కంప్యూటర్లలో ఉంటాయి. దాదాపు పది నిమిషాలకొక కొత్త పేజీ చేరుతుంది. ఆ పేజీ చేర్చే హక్కు కోసం కంప్యూటర్లు పోటీ పడి ఒక లెక్క చేస్తాయి, గెలిచినవాళ్ళకి కొత్త బిట్‌కాయిన్లు ముడతాయి. దాన్నే మైనింగ్ అంటారు. మొదట్లో పేజీకి 50 ఇచ్చేవారు. ప్రతి 2,10,000 పేజీలకీ అది సగం అవుతుంది, అంటే సుమారు నాలుగేళ్ళకోసారి. 2024 ఏప్రిల్ నుంచి 3.125.

చాలా ప్రసంగాల్లో ‘ఎవరు పంపారో ఎవరికీ తెలియదు’ అంటారు, అది తప్పు. పుస్తకం అందరి ముందూ తెరిచే ఉంటుంది, పేర్ల బదులు చిరునామాలు ఉంటాయి అంతే. ఒకసారి ఆ చిరునామా ఎవరిదో తెలిస్తే పాత లావాదేవీలన్నీ బయటపడతాయి.

ఇంకొకటి, మా అమ్మకి చూపించినప్పుడు ఆమె భయపడిన విషయం. సొంత వ్యాలెట్, అంటే మన కాయిన్ల తాళం మన దగ్గరే ఉంచుకునే యాప్, పెట్టుకుంటే అది ఒక పన్నెండు మాటలు ఇస్తుంది. 2048 ఇంగ్లీషు మాటల జాబితా నుంచి ఏరినవి. నేను వాటిని పెన్సిల్‌తో ఒక కార్డు మీద రాశాను, వరస తప్పకుండా. ఏడో మాట దగ్గర స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తప్పు రాసి, చెరిపి, మళ్ళీ రాశాను. అమ్మ అడిగింది: ‘ఈ కార్డు పోతే ఏ ఆఫీసుకి పోయి అడుగుతావు?’ ఏ ఆఫీసూ లేదు. కార్డు పోతే డబ్బు పోయినట్టే. కార్డు ఎవరైనా ఫోటో తీసుకుంటే డబ్బు వాళ్ళది. ‘అట్టయితే నాకొద్దు’ అంది. ఆమెకి రెండు నిమిషాల్లో అర్థమైంది.


పాతకార్యకర్త (చిత్తూరు)
శుక్రవారం, ఉదయం 10:12

బాబూ, చక్కగా చెప్పావు, నాకే కొత్త సంగతులు తెలిశాయి. ఒక్కటి మాత్రం ఆలోచించు. కంటి శిబిరానికి వచ్చిన డాక్టరు పరీక్షలన్నీ సరిగ్గా చేసి, చివర్లో తన బావమరిది కళ్ళద్దాల షాపు కార్డు పంచిపెడితే మేం ఒప్పుకోం. ఆ షాపులో అద్దాలు మంచివే కావచ్చు. అయినా ఒప్పుకోం. నేను అంటున్నది అంతే.


ఏర్పేడు_హాస్టల్ (తిరుపతి జిల్లా)
శుక్రవారం, ఉదయం 10:20

ఇది ఒప్పుకుంటాను సార్.


పద్దులు_రసీదులు (చిత్తూరు)
శుక్రవారం, మధ్యాహ్నం 1:15

నేను చిత్తూరులో ట్యాక్స్ రిటర్నులు చేస్తాను. గ్రీమ్స్‌పేటలో చిన్న ఆఫీసు. జులై వచ్చిందంటే ఈ క్రిప్టో కేసులు వరసగా వస్తాయి, అందులో సగంమంది ‘సార్, మాకెవరూ చెప్పలేదు’ అంటారు. మీ మీటింగ్‌లో పన్ను గురించి ఎంత చెప్పారో తెలియదు, చంద్రగిరిలో మాత్రం ఇది వదిలిపెట్టకండి.

2022 బడ్జెట్‌లో వచ్చిన నిబంధన ఇది. క్రిప్టో కాయిన్లు అమ్మితే వచ్చిన లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తగ్గించుకోనివ్వరు. నష్టం వస్తే దాన్ని దేనితోనూ కలుపుకోనివ్వరు, వచ్చే ఏడాదికి మోసుకుపోనివ్వరు. ఇదే జనాన్ని దెబ్బ కొట్టేది. పోయిన ఏడాది ఒక కుర్రవాడు వచ్చాడు. ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకో కాయిన్‌లో ఎనభై వేలు నష్టం. తన లెక్కలో మిగిలింది ఇరవై వేలు. చట్టం లెక్కలో లాభం లక్ష. పన్ను, సెస్సు కలిపి 31,200. మిగిలిందనుకున్న దానికంటే పన్ను ఎక్కువ. ఆ అబ్బాయి కాలిక్యులేటరు నా చేతిలోంచి తీసుకుని మూడుసార్లు నొక్కి చూసుకున్నాడు.

అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్, అంటే ముందుగానే కోసుకునే పన్ను, కూడా ఉంటుంది, 2022 జులై 1 నుంచి. కాబట్టి ‘డిపార్ట్‌మెంటుకి ఎట్లా తెలుస్తుంది’ అనే ప్రశ్నే లేదు. రిటర్నులో దీనికి విడిగా ఒక షెడ్యూల్ ఉంది, జీతగాళ్ళు మామూలుగా వేసే ఒకటో నంబరు ఫారంలో ఇది పెట్టడానికి వీల్లేదు.

పన్ను వేశారు కాబట్టి ప్రభుత్వం ఒప్పుకున్నట్టే అని ఎవరైనా అంటే అది సగం మాటే. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు, క్రిప్టో వ్యాపారాలకి సేవలు ఇవ్వొద్దని బ్యాంకులకి చెప్పింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ని కొట్టేసింది. కాబట్టి నిషేధం లేదు. అలాగని ఇది చెల్లుబాటయ్యే నాణెమూ కాదు. గాంధీ రోడ్డులో ఏ షాపువాడైనా తీసుకోనంటే మీరు చేయగలిగిందేమీ లేదు.


తోతాపురి_తోట (బంగారుపాళెం)
శుక్రవారం, సాయంత్రం 5:50

అందరికీ దండాలు. నాకు రెండు డౌట్లు. మా వాడు బెంగళూరులో పనిచేస్తాడు. తోట మీద వచ్చిన దాంట్లో రెండు లక్షలు ఇందులో పెడదాం నాయనా అంటున్నాడు. మామిడికి ధర పడిపోయినా కాయ కళ్ళ ముందర ఉంటుంది, గుజ్జు ఫ్యాక్టరీకి ఎంతకో కొంతకి తోలతాం. ఇది పడిపోతే చేతిలో ఏముంటుంది? రెండోది, రైతు ఆదాయానికి పన్ను లేదు కదా, ఆ డబ్బుతో కొంటే దీనికీ పన్ను ఉండదా?


పద్దులు_రసీదులు (చిత్తూరు)
శుక్రవారం, సాయంత్రం 6:30

రెండోదానికి నేను చెబుతాను అన్నా. మామిడి అమ్మిన డబ్బుకి ఆదాయపు పన్ను లేదు, నిజమే. ఆ డబ్బుతో కొన్న కాయిన్ అమ్మితే వచ్చే లాభానికి మాత్రం అదే 30 శాతం. మీకు వేరే ఆదాయమే లేకపోయినా సరే, కనీస మినహాయింపు దీనికి వర్తించదు. మామిడి అమ్మిన చీటీలు దాచి ఉంచండి, డబ్బు ఎక్కడిదని అడిగినప్పుడు చూపించాలి.


మెల్లగా_మెల్లగా (తిరుపతి)
శుక్రవారం, రాత్రి 8:10

మొదటిదానికి నేను. 2020 చివర్లో మొదలుపెట్టి నెలకి వెయ్యి రూపాయలు పెడుతున్నాను, ఇప్పటికీ. నాకు దీని మీద నమ్మకం ఉంది, దాచుకోను. ఒక ప్రభుత్వమో ఒక బ్యాంకో తలుచుకుంటే ఎక్కువ ముద్రించలేని డబ్బు ఒకటి ఉండాలనే ఆలోచన నాకు గొప్పగా కనిపిస్తుంది.

అయినా మీకు వద్దనే చెబుతాను అన్నా. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దాకా పోయింది. సరిగ్గా ఏడాదికి 16 వేల దగ్గరికి వచ్చింది. అదే నెలలో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్ఛేంజ్ దివాలా తీసింది. అప్పుడు నా రూపాయి పావలా అయింది. ఆ పావలా మళ్ళీ లేచింది, కానీ లేస్తుందని ఆ రోజు ఎవరూ హామీ ఇవ్వలేదు. నాకది నెల నెలా మిగిలిన వెయ్యి, అందుకే నిద్రపట్టింది. తోట మీది రెండు లక్షలంటే మీకు వచ్చే ఏడాది ఎరువులు, మందులు, కూలీలు. వాటిని అందులో పెడితే ధర పడిన రోజున పిందె నిలబెట్టుకోవడానికి మందు కొట్టాలన్నా చేతిలో డబ్బుండదు. మీ అబ్బాయిని తన జీతంలోంచి పెట్టుకోమనండి. పోతే తనది పోతుంది, తోట నిలుస్తుంది.


కౌంటర్_నాలుగు (చిత్తూరు)
శుక్రవారం, రాత్రి 9:25

బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి ఉంది. చాలామంది ఎక్స్ఛేంజ్ ద్వారా కాకుండా నేరుగా ఇంకో మనిషికి కాయిన్లు అమ్ముతారు. అవతలివాడు యూపీఐలో డబ్బు వేస్తాడు. ఆ డబ్బు ఎక్కడో ఎవరినో మోసం చేసి తెచ్చినదైతే, ఫిర్యాదు వెంట పోలీసులు ఖాతా తర్వాత ఖాతా తరుముకుంటూ వస్తారు. మన ఖాతా ఆగిపోతుంది. ఫిర్యాదు ఎక్కడో ఉత్తరాది రాష్ట్రంలో ఉంటుంది. జీతం, పెన్షన్, గ్యాస్ సబ్సిడీ అన్నీ అదే ఖాతాలో ఉంటే ఆ ఇంటి పరిస్థితి ఆలోచించండి. కౌంటర్ ముందు నిలబడి ‘నేనేం తప్పు చేశాను సార్’ అని ఏడ్చిన చదువుకున్న పిల్లల్ని చూశాను.

డిజిటల్ రూపాయి సంగతీ సంఘాల్లో చెప్పండి, అది వేరే, ఇది వేరే. రిజర్వ్ బ్యాంకు 2022 డిసెంబరు 1న మామూలు జనానికి ప్రయోగంగా మొదలుపెట్టిన ఈ-రూపాయి మన రూపాయే, నోటు బదులు ఫోన్‌లో ఉంటుంది, పూచీ రిజర్వ్ బ్యాంకుది. దానికి ధర పెరగడం తగ్గడం ఉండదు. ‘ప్రభుత్వ డిజిటల్ కాయిన్, ఇప్పుడు కొంటే రెట్టింపు’ అని ఎవరైనా అన్నారంటే వాళ్ళ దగ్గర కూర్చోకుండా లేచి వచ్చేయాలి.


పీలేరు_టు_కువైట్
శుక్రవారం, రాత్రి 11:40

బాబాయ్, మీరు రాసింది మా ఇంట్లో జరిగింది. నేను కువైట్‌లో డ్రైవరుగా చేస్తాను. ఇక్కడ 2023లో క్రిప్టో పూర్తిగా నిషేధించారు. అయినా రూములో ఒకడు వచ్చి, ఇంటికి డబ్బు పంపే ఎక్స్ఛేంజ్ ఆఫీసు కంటే రేటు ఎక్కువ వస్తుంది, డాలర్ కాయిన్ (డాలరుతో సమానంగా ధర ఉంచే క్రిప్టో) రూపంలో పంపితే ఊళ్ళో మనవాళ్ళు రూపాయల్లో వేస్తారు అన్నాడు. మా అక్క ఖాతాలో డబ్బు పడింది, సంతోషపడ్డాం. పదకొండో రోజు ఆమె ఖాతా ఆగిపోయింది. అందులో మా మేనకోడలి కాలేజీ ఫీజు ఉంది. కొన్ని దినార్ల కోసం ఆశపడ్డాను. అక్క ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.


చంద్రగిరి_కోటవీధి
శనివారం, మధ్యాహ్నం 2:30

కార్యదర్శి అన్నా, మీరు మాట ఇచ్చిన సంఘాల్లో మాదీ ఒకటి. నేను లీడర్‌ని. మానొద్దు. మీరు మానేస్తే ఆ మాటలు మాకు ఇంకొకరు వచ్చి చెబుతారు, ఇప్పటికే చెబుతా ఉండారు.

మా వీధిలో జరిగింది చెబుతాను. ఒకామె చిన్నమ్మ కూతురే వచ్చి ఆమెని ఒక కాయిన్ స్కీములో చేర్చింది. ఆరు వేలు కట్టు, ఇద్దరిని చేర్చు, వారం వారం డబ్బు పడుతుంది. రెండు వారాలు పడింది కూడా. ఆ రెండు వారాల డబ్బు చూసే ఆమె కమ్మలు కుదవ పెట్టి ఇంకో నలభై వేలు కట్టింది. తర్వాత యాప్ తెరుచుకోలేదు. వాళ్ళాయనకి ఈ రోజుకీ తెలియదు. కమ్మలు ఏవని అడిగితే చెవి పుండైందని చెప్పింది. పోలీసుల దగ్గరికి పోదాం రా అని నేను రెండుసార్లు పిలిచాను. ఊరంతా తెలుస్తుందని రాలేదు.

చీటీ అయితే పాట రోజు అందరం ఒకే చాప మీద కూర్చుంటాం. ఎవరు ఎంతకి పాడారో చెవులారా వింటాం. పాట ఎత్తుకున్నామె ఇల్లు మాకు తెలుసు, ఆమె కట్టకపోతే జామీను ఉన్నామె ఇల్లూ తెలుసు. ఈ కాయిన్‌లో మాకు తెలిసింది చేర్పించినామె ఒక్కటే. ఆమెకీ ఆ పై మనిషెవరో తెలియదు.

మావాళ్ళకి సతోషి కథ గంటసేపు చెప్పొద్దన్నా. ఫోన్‌లో వచ్చే మాటలు చెప్పండి. ‘ఈ రాత్రి పన్నెండుకి ఆఫర్ క్లోజ్’, ‘ఇంట్లో ఇప్పుడే చెప్పొద్దు, లాభం వచ్చాక చెప్పి ఆశ్చర్యపరచండి’, ‘మీ కింద ఇద్దరిని చేర్చండి’. ఈ మూడు మాటలు వినగానే మావాళ్ళకి ఆ యాప్‌లన్నీ గుర్తుకొస్తాయి. 1930 నంబరు సంఘం పుస్తకం మొదటి పేజీలో రాయిద్దాం. పోయినామె తప్పు చేసినట్టు మాత్రం మాట్లాడొద్దు. వినేవాళ్ళలో ఆమె కూర్చుని ఉంటుంది.


ఏర్పేడు_హాస్టల్ (తిరుపతి జిల్లా)
శనివారం, మధ్యాహ్నం 3:05

అక్కా, మీరు రాసిన స్కీములకి పెద్ద ఉదాహరణ ఒకటి ఉంది. వన్‌కాయిన్ అని 2014లో మొదలైంది. ప్రపంచమంతా చేర్చుకుంటూ పోయారు. దాని వెనక అసలు బ్లాక్‌చెయినే, అంటే నేను చెప్పిన లాంటి పద్దుల పుస్తకమే, లేదని తర్వాత కేసుల్లో బయటపడింది. నడిపించిన రుజా ఇగ్నతోవా 2017 నుంచి కనిపించడం లేదు, 2022లో ఎఫ్‌బీఐ ఆమెని తనకు కావలసిన పదిమంది నేరస్థుల జాబితాలో పెట్టింది. అదీ చేతి నుంచి చేతికి, చుట్టాల మధ్యే పాకింది. మీకు ఒప్పుకోలైతే నేను వచ్చి ఉత్తి యాప్ ఎలా తయారు చేస్తారో చూపిస్తాను. కంప్యూటర్లో నేను ఒక అంకె టైప్ చేస్తే మీ ఫోన్‌లో లాభం పెరుగుతుంది. రెండు నిమిషాల పని.


చంద్రగిరి_కోటవీధి
శనివారం, మధ్యాహ్నం 3:20

అది చూపించు నాయనా. అది చూస్తే చాలు.


కపిలతీర్థం_గాలి (తిరుపతి)
శనివారం, రాత్రి 9:50

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. నిన్న ఉదయం ఏడింటికల్లా హెడ్‌మాస్టరు గారి ఇంటికి వెళ్ళాను. రాత్రిడ్యూటీ తమ్ముడు చెప్పినట్టే చేశాం. లావాదేవీ నంబర్లు ఆయనే రాశారు. ఎక్కాల పుస్తకంలో రాసినట్టు గుండ్రటి అంకెలు, గీత గీసి, కింద తేదీ వేసి. 1930కి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకున్నాం, తర్వాత బ్యాంకుకి, ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. మొదటి రెండు విడతలు కట్టి నెల దాటింది, వాటి మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పారు. మూడోది, ముప్ఫై వేలు, సోమవారం కట్టినది. దాని సంగతి చూస్తామన్నారు. 75,240 మాత్రం పోలేదు.

సాయంత్రం హైదరాబాద్‌లో ఉన్న వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాం. ఆయన మాట్లాడలేక ఫోన్ నాకిచ్చారు. అబ్బాయి కోప్పడతాడనుకున్నాను. ‘నాన్నని నేను వారానికోసారి కూడా పలకరించలేదు, ఆ గ్రూపు వాళ్ళు రోజూ గుడ్ మార్నింగ్ చెప్పారు’ అన్నాడు. సోమవారం వస్తున్నాడు.

ఈ రోజు మా బోర్డు కూర్చుంది. క్యూఆర్ కోడ్ సంగతి నేనే లేవనెత్తి, ఆపాల్సింది నేనేనని చెప్పాను. వక్తకి కూడా ఫోన్ చేశాం. మొదట నొచ్చుకున్నారు, అందులో తప్పేముందన్నారు. హెడ్‌మాస్టరు గారు అడిగిన మాట చెప్పాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ కోడ్ ద్వారా చేరినవాళ్ళకి తానే మెసేజ్ పెట్టి, బోనస్ సంగతి వివరంగా రాస్తానన్నారు. ఇకమీదట మా వేదిక మీద డబ్బు గురించి మాట్లాడేవాళ్ళెవరైనా, అది క్రిప్టో కానీ చీటీ కానీ బీమా కానీ, ఏ కోడూ ఏ ఫోన్ నంబరూ చూపించకూడదు, వాళ్ళకి అందులో కమీషన్ ఉంటే మొదటి నిమిషంలోనే చెప్పాలి అని మినిట్స్‌లో రాసుకున్నాం. పాతకార్యకర్త గారి కళ్ళద్దాల షాపు మాట అక్కడ చదివి వినిపించాను.

చంద్రగిరి మీటింగ్ ఉంటుంది. ప్రసంగం కాదు, అక్క చెప్పినట్టు ఆ మూడు మాటలతో మొదలవుతుంది. ఏర్పేడు తమ్ముడు యాప్ చూపిస్తాడు. కౌంటర్ నాలుగు సార్, మీరు చిత్తూరు నుంచి రాగలిగితే బస్టాండుకి నేను బండి తెస్తాను.


కౌంటర్_నాలుగు (చిత్తూరు)
ఆదివారం, ఉదయం 5:55

వస్తాను. ఖాతా ఆగిపోతే బ్యాంకుకి ఎలాంటి అర్జీ ఇవ్వాలో తెలుగులో ఒక నమూనా రాసి తెస్తాను, జిరాక్స్‌లు మీరు తీయించండి.


పాతకార్యకర్త (చిత్తూరు)
ఆదివారం, ఉదయం 7:30

సార్, పొద్దున బస్సుకి నేనూ వస్తాను, కలిసి పోదాం. తమ్ముడూ, హెడ్‌మాస్టరు గారిని పిలుస్తావా? ఆయనకి ఇష్టమైతేనే.


కపిలతీర్థం_గాలి (తిరుపతి)
ఆదివారం, ఉదయం 8:15

అడిగాను. ‘మాట్లాడను, వెనక వరసలో కూర్చుంటాను’ అన్నారు. కాసేపటికి ఆయనే మళ్ళీ ఫోన్ చేసి, ఫిర్యాదు కాగితం కూడా తెస్తాను, ఎట్లా రాయాలో వాళ్ళకి చూపించవచ్చు అన్నారు.


చంద్రగిరి_కోటవీధి
ఆదివారం, ఉదయం 11:00

ఆదివారాలు వద్దన్నా, పెళ్ళిళ్ళు ఉంటాయి. రెండో మంగళవారం సంఘం మీటింగ్ ఎటూ ఉంది, పదకొండింటికి రండి. చాపలు, నీళ్ళు మావి. మైకు ఒకటి మీరు తెచ్చుకోండి, మాది పాడైంది. హెడ్‌మాస్టరు గారికి ఒక కుర్చీ వేయిస్తాను. నేను చెప్పినామె కూడా వస్తానంది.